తోడు

గాడిద తప్పుకోలేదు, నేనూ తప్పుకోలేదు.
ఫెజ్ పాత బజారు మెట్ల మీద
నా మణికట్టు పుటుక్కుమంది.

ఆస్పత్రిలో తడి పట్టీలు చుట్టారు.
కాసేపటికి చెయ్యంతా వెచ్చబడింది.
"కాలుతోంది తాతా!"
తాత బెన్నాసర్ నవ్వాడు,
యాభై ఏళ్లుగా గచ్చులో నక్షత్రాలు చెక్కుతున్న మనిషి.
"ఎప్పుడో బట్టీలో పోగొట్టుకున్న నీళ్లు
దానికిప్పుడు దొరికాయే తూదా.
ఆ సంబరం, అంతే."

ఇంటికొచ్చాక వేళ్లు మడిచి లెక్క చెప్పాడు:
సఫీ గని నుంచి వచ్చే జిప్సం రాయి
తన ఒంట్లో రెండు పాళ్ల నీళ్లు దాచుకుంటుంది.
సన్నసెగన వేయిస్తే
ఒకటిన్నర పాలు ఆవిరైపోతుంది.
మిగిలిన అర పాలు దప్పిక.
నీళ్లు తగలగానే సూదులు సూదులుగా లేచి
ఒకదాని చంకలో ఒకటి చెయ్యి దూర్చి
మళ్లీ రాయి.
అతిగా మాడిస్తే మాత్రం
కడవలు కుమ్మరించినా లేవదు.
"వంటా అంతే," అని అమ్మమ్మ వైపు చూశాడు.
ఆవిడ ఇటు తిరగలేదు.

పక్కకొట్టు పళ్ల డాక్టరు హద్దూ
ఊరి దవడలన్నీ గచ్చులో పోసి
అరల్లో వరసగా పెట్టుకునేవాడు.
బిగిసేటప్పుడు పిసరంత ఉబ్బుతుందట,
అందుకే ముసలమ్మ పంటి మీద గీతని కూడా వదలదట.

తోలు కొట్టు తగలబడ్డ రాత్రి
మా మధ్య గోడ తెల్లవార్లూ ఆవిరి కక్కింది.
ఇవతల మేకుకి
తాత టోపీ వేలాడుతూనే ఉంది.
పొద్దున వేలు ఆనిస్తే గోడ పొడిపొడిగా రాలింది,
మళ్లీ దప్పికతో.

మూడోనాడు నా కట్టు మీద
అరగోరంత లోతున ఎనిమిది కొనల చుక్క చెక్కాడు.
డాక్టరు తిట్టాడు, ఆ తర్వాత నర్సుని పిలిచి చూపించాడు.

ఆరు వారాలకు రంపం గిర్రుమంది.
చుక్క రెండు ముక్కలైంది.
లోపల చెయ్యి
వేరెవరిదో అన్నట్టు సన్నగా, పాలిపోయి.
నేను చెయ్యి చూసుకుంటుంటే
ఆయన నేల మీద పొడిని రుమాల్లోకి ఎత్తుకుంటున్నాడు.

పాలకి తోడు వేసినట్టే అన్నాడు.
ఒకసారి గట్టిపడ్డది చిటికెడు చాలు,
ఎలా గట్టిపడాలో కొత్తదానికి నేర్పుతుంది.

చిటికెడు ఎక్కడ! రుమాలంతా దులిపేశాడు.
పుదీనా టీ గ్లాసులో పడేలోపే
బకెట్టు బకెట్టంతా బండరాయి,
తాపీ అందులోనే నిలువునా.
లాగాడు. తన్నాడు. నాకు తెలియని మాటలేవో అన్నాడు.

ఇప్పుడు తలుపుకి అడ్డం పెట్టేది దాన్నే.
తాపీ పిడి పట్టుకుని జరుపుతాను,
అతికిన ఆ చేత్తోనే.