నీలి గుడ్లు

పొదిగిన పన్నెండింటిలో ఏడు పుంజులై తేలాయి.
చిలోయే దీవిలో ఏ గడప తొక్కినా
ఎదెల్మీరాకి ఒకటే జవాబు:
"మా దాన్నీ నువ్వే పట్టుకుపో."

పెట్టల వీపుల మీద ఈకలూడి
ఎర్రటి చర్మం వానలో వణికింది.
నీలి గుడ్లు రోజుకి రెండే.

ఐదు ఆదివారాలు గడిచాక
మిగిలినవి రెండు.
ఒకటి ఒళ్లోకెక్కి మొక్కజొన్న తినేది.
ఇంకొకటి ఆమె రబ్బరు బూట్లకు ఆజన్మ శత్రువు,
పిక్క మీద దాని సంతకం.

మొన్న గద్ద దిగింది.
మచ్చికది కట్టెల కింద దూరింది.
శత్రువు నిలబడి
ఒక కన్నిచ్చుకుంది.

ఈ రాత్రి నీళ్లు మరుగుతున్నాయి.
చంకలో మచ్చికది, వెచ్చగా,
స్వెటర్ గుండీ పొడుస్తూ.

తెల్లారి ఒక్కటే కూత.
గుమ్మం దాటగానే బూటు మీద దెబ్బ.
"సరేలే," అంది ఎదెల్మీరా,
కాలు వెనక్కి తీసుకోకుండా.