ఐదో కాలు

శుక్రవారం. తెల్లారకముందే జుబ్బా ఊరు దాటినం.
పికప్ వెనక నీళ్ల డబ్బాలు రెండు, ఖుబూసు మూట,
ఓదెలు నెల రోజులుగ దాచుకున్న చింతకాయ తొక్కు.
దూరంకెంచి గుట్ట
రెండు ఒంటెలు పక్కపక్కన పండుకున్నట్టు కనబడ్డది.
దగ్గరికి పోతే ఒంటెలు లేచిపోయినయి,
ఎర్రగ కాలిన బండ ఒక్కటే మిగిలింది.

మాది తాండూరు.
బండలు తీసుడే మా పని, ముత్తాత కాన్నుంచి.
నాయన గనిల రాయికి చెవి ఆనిచ్చి వినేటోడు,
పొర ఎక్కడ విడుస్తదో అదే చెప్తదని.
నేను హాయిల్ పట్నంల షేకుల ఇండ్లకు టైల్స్ వేస్త.
వేసినంక ఒక్కొక్కదాన్ని పిడికిలితోని కొట్టి చూస్త.
కింద గాలి మిగిలితే గుల్ల పలుకుతది.
గుల్ల పలికితే ఊడపీకి మళ్ల వెయ్యాలె,
ఆ దినం కూలి పోతది.

మొదలు అంత ఇసుకనే.
రెండడుగులు పైకి, ఒకడుగు కిందికి.
ఇనుప మూతి బూట్లల్ల కాళ్లు ఉడికినయి.
"జీతం లెక్కనే ఉన్నది బావా ఈ ఎక్కుడు" అన్నడు ఓదెలు,
నవ్వుటానికి ఆగి, దమ్ము తీసుకునుడు మర్చిపోయి.

తర్వాత రాయి.
చెయ్యి పెడితే అరచేతికి ఇటుక పొడి అంటింది,
గోరుతోని గీకితే ఇసుక రాలింది.
మా తాండూరు బండ నీలం, చల్లన, మొండిది.
ఇది రాయి అయ్యింది గాని
ఇసుకనన్న సంగతి మర్చిపోలేదు.
పొర మీద పొర,
ఒక్కోటి ఒక్కో గాలి కట్టిన వరుస.
ఒకతాన గీతలన్ని ఏటవాలుగ ఒరిగినయి,
ఆ యేడు గాలి దిక్కు మార్చుకున్నదేమో.
గుండుదారం పట్టి చూసినోడు లేడు,
అయినా నిలబడ్డది.

అలవాటు కదా, పిడికిలితోని కొట్టిన.
గట్టిగ పలకలేదు, గుల్ల పలకలేదు.
చప్పుడును లోపలికి గుంజుకొని
ఊకున్నది.

సగం ఎత్తుల, నీడ పట్టున, గోడ మీద గొడ్లు!
ఒంటెలు గాదు, గొడ్లే.
పొడుగు కొమ్ములు, మచ్చల ఒళ్లు.
గడ్డిపోచ లేనితాన ఎవరో మందను తోలుకొచ్చి
గోడకు కట్టేసి పోయిండు.
కింద గేటు కాడి సూడాన్ ముసలాయన ఆదమ్
పొద్దుగాల చెప్పింది మతికొచ్చింది:
ఇక్కడ నీళ్లుండేనట.
నడుముల దాక అని చెయ్యితోని చూపెట్టిండు,
తానే దిగి వచ్చినట్టు.

ఓదెలు గొడ్లను చూసిండు. నేను దెబ్బలను చూసిన.
ఇనుము తగిలిన జాడ లేదు,
రాయితోనే రాయిని పొడిచిండు,
తొలి చినుకులు దుమ్ముల పడ్డట్టు.
దెబ్బల వాలు చూస్తే ఎడమచేతి మనిషేమో,
మా చిన్నాయన లెక్క.
ఒక ఎద్దు వెనక కాలు కాడ చెయ్యి జారింది.
కాలు పక్కకు పోయింది.
పక్కనే సక్కంగ ఇంకోటి కొట్టిండు.
ఐదు కాళ్ల ఎద్దు.
ఏ సూపర్వైజరు వచ్చి ఊడపీకమనలేదు.
ఎన్ని వేల ఏండ్లాయెనో,
ఆ తప్పు కాలు గూడ
మందతోని నడుస్తనే ఉన్నది.

ఓదెలు జేబులకెంచి మేకు తీసిండు.
"బిడ్డ పేరు రాస్త బావా, రెండే అక్షరాలు."
మణికట్టు పట్టుకున్న.
నేనేం అనలేదు. ఆయన గుంజుకోలేదు.
కొంచెంసేపు అట్లనే ఉన్నం.
ఇడిసిపెట్టినంక, గోడకు జానెడు దూరంల,
గాలి మీద రాసిండు మేకుతోని,
మెల్లగ, దీర్ఘం తప్పకుంట.

నెత్తికెక్కినంక ఫోనుకు ఒక్క గీత సిగ్నలొచ్చింది.
పదకొండు మెసేజీలు ఒక్కసారే మోగినయి.
ఒకటి సూపర్వైజరుది:
మూడో బాత్రూం, కిటికీ కింద, గుల్ల. రేపు పొద్దుగాల్నే.
ఫోను బోర్లేసి తొక్కుతోని ఖుబూసు తిన్నం.
కింద నఫూద్ ఇసుక ఎర్రగ, ఒడ్డు లేకుంట,
రాయి అయ్యేటందుకు తొందరేం లేనట్టు పండుకొని ఉన్నది.

రాత్రి క్యాంపుల బూట్లు బోర్లిస్తే
పిడికెడు గుట్ట రాలింది.
చీపురు తెచ్చిన గాని ఊడ్వలేదు.
కాలుతోని మంచం కిందికి జరిపి
లైటు తీసేసిన.