కె అంటే ఎవరు

ఎర్రగుంట్ల దాటినాక, రైలుగేటు పక్కన
పాలీషు షెడ్డులో నేను లెక్కలు రాస్తాను.
ఆరింటికి మిషన్లు ఆగుతాయి.
చెవుల్లో మాత్రం ఇంకో గంట కోస్తూనే ఉంటాయి.
అప్పుడొస్తాడు దస్తగిరి, పదో తరగతి,
కనుబొమల మీది బండపొడి తుడుచుకోకుండానే.

మాకు బోర్డు లేదు.
గోడకు ఆనించిన నల్ల బండే బోర్డు.
ఏది ఏ లారీ ఎక్కుతుందో తెలీదు గనక
రోజుకో బోర్డు.

"పన్నెండు బండలు ఎక్కిస్తే తొంభై రూపాయలు.
ఇరవై ఎక్కిస్తే?"
"నూటయాభై" అన్నాడు, సుద్దముక్క ముట్టకుండానే.
ఆదివారాలు లోడింగుకు పోయేవాడికి
అనులోమానుపాతం భుజాల్లో ఉంటుంది.
వై సమానం కె ఎక్స్ అని రాస్తే మాత్రం
ఇంట్లోకి కొత్త మనిషి వచ్చినట్టు చూసినాడు.
"ఎక్స్ బండలు. వై కూలి. సరే.
కె అంటే ఎవరు మేడం?"

స్థిరాంకం, అన్నాను. మారనిది.
ఎన్ని మోసినా, ఎంత వచ్చినా
రెంటి మధ్యా కదలకుండా కూర్చునేది.
బండకు ఏడున్నర.
"కూర్చునేదా!" నవ్వినాడు.
"అయితే మా ఓనరే."
నవ్వు ఆగినాక అడిగినాడు:
"ఆ ఏడున్నర ఎనిమిది కావాలంటే ఏ సూత్రం?"

పుస్తకమంతా తిరగేసినాను.
కె విలువ కనుక్కోమన్న లెక్కలు పద్నాలుగు.
కె ను కదిలించమన్నది ఒక్కటీ లేదు.

తర్వాత భిన్నాలు.
పైన ఎక్స్ ప్లస్ మూడు, కింద ఎక్స్ ప్లస్ అయిదు.
రెండు ఎక్స్‌లనూ టక్కున కొట్టేసి
మూడు బై అయిదు, అన్నాడు.
"కూడికతో అతుక్కున్నదాన్ని కొట్టేయకూడదురా.
గుణకారంలో ఉంటేనే పోతుంది."
కాసేపు బండనే చూసి,
"సిమెంటేసి పరిచినాక లేపితే పక్కదీ పగిలినట్ల" అన్నాడు.
ఇరవై ఏండ్లుగా ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

ఇంకొకటి ఇచ్చినాను.
లవం ఎక్స్ స్క్వేర్ మైనస్ తొమ్మిది,
హారం ఎక్స్ మైనస్ మూడు.
పైదాన్ని కారణాంకాలుగా విడగొట్టినాడు,
పైనా కిందా ఒకేలా ఉన్నవి కొట్టేసినాడు.
ఎక్స్ ప్లస్ మూడు మిగిలింది,
పాలీషు పట్టినట్టు, నున్నగా.

"పక్కన రాయి: ఎక్స్ మూడు కాదు."
"కొట్టేస్తిమి గదా మేడం. కిందది లేనే లేదు.
ఇంగ దాని మాట ఎందుకు?"
"మొదటిదాంట్లో మూడు పెట్టి చూడు. కింద సున్నా.
అక్కడొక గుంత ఉంది నాయనా.
కొట్టేసినంత మాత్రాన పూడదు.
ఆ దారిన పోయేవాళ్లకు చెప్పాల."

నా గొంతు నాకే వేరేగా వినపడింది.
మేజా మీద హాజరు పుస్తకం.
పోయిన నెల అందులో ఎర్రసిరాతో ఒక గీత గీసినాను:
ఓబులయ్య, కోత మిషను,
కుడిచేతి రెండు వేళ్లు పోయినాక.
పేజీ కింద మొత్తం పైసాతో సహా కుదిరింది.
పక్కన ఏమీ రాయలేదు.

దస్తగిరి రాసినాడు, ఈ అంచునుంచి ఆ అంచుదాకా,
ఎక్స్ మూడు కాదు,
సుద్ద అరిగిపోయి గోరు బండకు తగిలేదాకా.

పొద్దున్నే ఆ బండ లోడైపోయింది.
ఎవరింట్లోనో వంటగట్టుకంట.
తడిగుడ్డతో తుడిచే ఎక్కించినారు.
తడి ఆరినాక సుద్ద మళ్లీ తేలుతుంది.
ఆ ఇంట్లో ఎవరో వేలితో రాస్తూ చదువుతారు,
మూడు కాకపోవడమేంటో అర్థంగాక.