కుడిపక్క కీస

సీబ్ సూక్‌లో మా దుకాణానికి
తెలుపు తప్ప ఇంకో రంగు తెలువది.
పాలతెలుపు, ఉప్పుతెలుపు, మబ్బుతెలుపు,
అన్నీ ఒకటే కదా అంటది రజిత.
కాదు.
హమూద్ తాతకు కొంచెం నీలం చాయ తగలాలె,
ఆయన కొడుక్కు తగలొద్దు.
మెడకాడ వేలాడే ఫురాఖా,
అత్తరులో ముంచుకునే ఆ దారాల కుచ్చు,
ఒకరికి జానెడు, ఒకరికి బెత్తెడు.
పదకొండేండ్ల సంది
మందికి ఏది ఇష్టమో
నోటుబుక్కులో రాసుకుంటున్న.

నాలుగేండ్ల ఓజస్వికి
ఒక ఇష్టముంటదని మాత్రం తట్టలే.

పుట్టినరోజని మాల్‌కు పోయి
తొమ్మిది రియాళ్లు పోసి తెచ్చినం,
గులాబి గౌను, మూడు వరుసల జాలి,
నడుముకు గుమ్మడిపువ్వంత పువ్వు.
తొడిగితే
రెండు చేతులు దూరం పెట్టి
దిష్టిబొమ్మ లెక్క నిలబడ్డది.
"గుచ్చుతాంది."
యాడ బిడ్డా?
"అంతట."

తెల్లారి పెరుగు కోసం ఫ్రిజ్ తెరిస్తే
గౌను, మడత పెట్టి,
టమాటల మీద.
"దానికి ఉడకపోస్తాంది, ఉండనీ.
నాకు వద్దు."

శుక్రవారం పగటాల
కటింగ్ బల్ల కింద పీలికల్లో పండుకుంటది.
ఏసీ కారే డబ్బా నిండిందంటే
కేకేసి చెప్పే డ్యూటీ తనది.
ఆ రోజు కేక రాలే. పిల్లే వచ్చింది,
చలికాలం దిష్‌దాషాలకని తెప్పించిన
ఖర్జూరగింజ రంగు తానును
ఈడ్చుకుంట.
"ఇది."
ఇది తాతలేసుకునేది.
"పొడుగు వద్దు, ఉరకరాదు.
కుచ్చు పెట్టు. కీస పెట్టు.
కుడిపక్క. ఇంత లోతు."
మోచేయి కాడ గీత గీసి చూపింది.
అంత లోతు కీసలో ఏం పెడ్తవే?
"ఇంక దొరకలే."

జాలి గౌనుకు ఆగని పిల్ల
టేపుకు ఆగింది.
ఊపిరి బిగబట్టి, గడ్డం పైకెత్తి,
భుజం ఎనిమిదిన్నర, ఛాతి ఇరవై రెండు,
కండ్లు మాత్రం నా పెన్సిలు మీద.
"ఎన్నడిస్తవ్?"
రేపు, అన్న, అందరికి చెప్పినట్టే.
పొద్దున పండ్లు తోమకముందే
మంచమెక్కి నా మీద కూసుంది.
"రేపయింది."

రజిత మొత్తుకుంది.
మగపిల్లల రంగు, ఫోటోల ఏమన్న అగుపిస్తదా,
వీడియో కాల్‌ల మా అమ్మ చూస్తే
మట్టి పూసినవా అంటది.
నిజమే. అనే అన్నది.
మిషన్ ఆపలేదు నేను.

కోరుట్లల మేం ముగ్గురన్నదమ్ములం.
ఒకటే తాను, ఒకటే గీతల గుడ్డ.
దర్జీ పెద్దన్నను కొలిచేది,
మా ఇద్దరికి అందాజ మీద కోసేది.
మా అంగీలకు కీస ఉండేది గని
పిన్నీసు పెట్టి మూసేది నాయిన,
చేతులు అండ్ల పెట్టుకుంటే
పనిదొంగల వాలకం వస్తదని.
నీకేది కావాల్నని
ఎవలు అడగలే, అడగాలన్న సోయి
మాకూ లేకుండె.

కాజా కుట్టేటప్పుడు పక్కన నిలబడి
"నీకే రంగిష్టం నాయినా?" అన్నది.
సూది ఆగింది.
తెలుపంటే అబద్ధమైతది.
ఒంటిమీదున్నది చూసుకున్న:
గిరాకీ ఒకాయన తీసుకపోని అంగీ,
బూడిదా? పావురమా?
దారపు కండెల డబ్బా ముందుకు జరిపి
"చూసుకో, తొందర లేదు" అన్నది
దుకాణపోడి లెక్క.

సాయంత్రం సముద్రం ఒడ్డున
ముందర ఉరుకుతాంది.
కుచ్చు చెవి మీదికెగిరి పడుతాంది,
రజిత అత్తరు బదులు దానికింత
కొబ్బరినూనె రాసింది, అలిగి కూడ.
ఓ ఒమానీ ముసలామె ఆగి,
పిల్లను కిందికి మీదికి చూసి,
తన భాషల ఏదో అని నవ్వి
కుచ్చును రెండు వేళ్లతో సరిచేసి పోయింది.

తిరిగొచ్చేటప్పుడు
కుడిపక్క కీస బరువుగ వేలాడుతాంది.
అడుగు అడుగుకు లోపల
ఏదో టకటక అంటాంది, కొంచెం నీచు వాసన.
రజిత నా మొఖం చూసింది.
నేను అడుగలే.