దుబాసీ

తాళ్ళరేవు దాటాక ఉన్న రొయ్యల ఫ్యాక్టరీలో
శనివారం పని గంట ముందే ఆపేశారు.
సరుకు కొనే దేశం వాళ్ళు కాగితం పంపారట:
నల్లజాతి చరిత్ర మీద, పరాయి మనిషి పద్ధతుల మీద
కార్మికులకి ఒక అవగాహన తరగతి,
సంతకాలతో, ఫోటోలతో సహా.

ఐసు గది పక్క షెడ్డులో
నూట ఇరవై మంది ఆడవాళ్ళు, తలకి నీలం టోపీలు,
రొయ్య వొలిచి వొలిచి నానిపోయిన వేళ్ళు.
ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నన్ను మైకు పక్కన నిలబెట్టారు.

మేనేజరు గారు ముందుగా
"నలుపు నారాయణుడు మెచ్చు" అన్నారు.
చప్పట్లు.
ఆ సామెత మా ఇంట్లోనూ ఉంది.
చెల్లి ముఖానికి మీగడా శనగపిండీ పట్టిస్తూ
అమ్మ అదే అనేది.

ఆమె పేరు ఎఫువా.
ఘానా నించి కాకినాడకి చేపల చదువుకి వచ్చింది.
శుక్రవారం పుట్టిన ఆడపిల్లకి వాళ్ళలో ఆ పేరు పెడతారట.
"మావోళ్ళయితే లచ్చివి అందురు"
అంది వెనక వరసలో ఎవరో.
షెడ్డంతా నవ్వింది. ఆమె కూడా,
నేను చెప్పక ముందే.

తెర మీద ఓడ.
అడుగున మనుషులు, తలా కాళ్ళూ తిరగేసి,
పెట్టెలో రొయ్యలు పేర్చినట్టు.
ఈ పోలిక నాది కాదు, ముందు వరస గొణిగింది.
ఆమె ఊళ్ళో ఒక కోట, కోటకి సముద్రం వైపు తలుపు,
ఒక్కో మనిషే పట్టేంత సన్నం.
బానిస అన్న మాట మరీ పుస్తకంలా ఉందనిపించి
నేను "పాలేరు లాంటోడు" అన్నాను.

కొల్లాబత్తుల సువార్తమ్మ లేచింది.
"పాలేరు కాదు బాబూ. మా నాన్న పాలేరే.
ఉగాదికి లెక్క చూసేవోరు,
తేలకపోయినా చూసేవోరు.
ఈళ్ళకి ఉగాదే లేదు గదా."

దాన్ని ఇంగ్లీషులోకి ఎలా దాటించానో గుర్తు లేదు.
ఎఫువా చాలాసేపు ఆమెనే చూసింది.
తర్వాత చెరకు మాట ఎత్తింది.
కొన్ని దీవుల్లో మా వాళ్ళకి సంకెళ్ళు తీశాక
ఆ తోటల్లోకే మీ వాళ్ళని తెచ్చారు,
కాగితం మీద వేలిముద్ర వేయించి.

షెడ్డు వెనక మడ అడవి,
దాని వెనక పూడిపోయిన కోరంగి రేవు.
"మా తాతకి తాత ఆడే ఓడెక్కేడంట.
మోరీసో, రంగమో, ఎవుడికీ తెల్దు.
ఉత్తరం రాలేదు. రాయడం వొస్తేగా."
కూచోబోయి, మళ్ళీ లేచి,
"ఆళ్ళకీ టీ కొట్లో ఏరే గ్లాసేనా, అడుగు బాబూ."

అడిగాను.
గ్లాసూ, కుళాయీ, బస్సులో సీటూ, కొన్నిచోట్ల శ్మశానమూ.
ఎఫువా ఇంగ్లీషులో చెబుతూ ఉండగానే
తలలు ఊగాయి.
అక్కడ నా అవసరం రాలేదు.

ఆఖర్న సొంత సంగతి చెప్పింది.
కాకినాడలో గది కోసం పదకొండు రోజులు.
ఫోన్లో ఖాళీ ఉన్న ఇల్లు
గుమ్మం దగ్గరికెళ్ళేసరికి నిండిపోయేది.
వీధుల పేర్లు కూడా చెప్పింది,
ఒక్కోదానికి ఒక్కో వేలు మడుస్తూ.

మూడోది మా వీధి.
పచ్చ గేటు, గోడ మీద మందార కొమ్మ.
తలుపు తీసింది అమ్మ.
"ఎవరో చేరిపోయారని చెప్పు"
అని లోపల్నించి అన్నది నేను.
ఆ రోజు ముఖం చూడలేదు.
టీవీలో మ్యాచ్ వస్తోంది.

ఓడ దాటింది, కోట దాటింది,
వందల ఏళ్ళు నా నాలుక మీదుగా
తడబాటు లేకుండా దాటిపోయాయి.
రెండు వీధులు చెప్పి
మంచినీళ్ళు తాగాను.

"బాబూ," అంది సువార్తమ్మ, కూచున్న చోటి నుంచే,
"ఆవిడ మూడు వేళ్ళు మడిసింది.
నువ్వు రెండే సెప్పేవు."

ఎఫువా నా వైపు తిరిగింది.
మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.