వెలగపండు

లీడ్స్‌లో జనవరి. నాలుగింటికే చీకటి.
లైటు బల్ల మీద పళ్లెం పెట్టి
గ్వెన్ ఓల్డ్‌రాయిడ్ చిల్లులు లెక్కపెడుతోంది.
ఊదారంగు కణాల పొరలో ఒక్కో చిల్లూ
ఒక్క వైరస్ తిని పారేసిన పేట.
ఒక్కోదానికీ ఒక మార్కరు చుక్క.
ముప్పై రెండు, ముప్పై మూడు...
పలకరిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

నేను మంట చూసుకుంటున్నాను.
అర డిగ్రీ, ఆగు. ఇంకో అర డిగ్రీ.
పెంకు విచ్చి లోపలి పోగు బయటపడగానే
రంగు దాన్ని పట్టుకుని పచ్చగా వెలుగుతుంది.
మందు కలపని గొట్టంలో అది యాభై రెండు దగ్గర.
పెంకు పెంకులాగే ఉంటుంది, లోపల మాత్రం ఏమీ ఉండదు.
ఏనుగు మింగిన వెలగపండు, అన్నాను.
గ్వెన్‌కి ఏనుగు అర్థమైంది.
వెలగపండుకి అరగంట పట్టింది.
"పగలకుండా ఎలా ఖాళీ అవుతుంది?"
మనకి జీతాలిచ్చేది ఆ ప్రశ్నే, అన్నాను.

ఈ మందుకింకా పేరు లేదు. నూట పదిహేడు.
మందంటే చంపేది అనుకుంటాడు రాత్రి నేల తుడిచే డెరెక్.
ఇది చంపదు.
పెంకు మడతలో చిన్న జేబుంది,
అందులో దూరి కదలకుండా కూర్చుంటుంది.
వైరస్ కణం తలుపు తడుతుంది, లోపలికీ పోతుంది,
విప్పుకోవలసిన చోట విప్పుకోలేక
తన కవచంలో తనే ఖైదు.

యాభై ఎనిమిది. గొట్టం చీకటిగానే ఉంది.
యాభై ఎనిమిదిన్నర.
యాభై తొమ్మిదికి గీత లేచింది.
ఏడు డిగ్రీలు! అని అరిచాను.
గ్వెన్ లెక్క తప్పింది. ఆ తిట్టు
యార్క్‌షైర్ దాటితే ఎవరికీ అర్థం కాదు.

రెండో వారం.
అన్నిటికన్నా ఎక్కువ మోతాదు వేసిన పళ్లెం
నున్నటి ఊదా. అంచున ఒకే ఒక్క చిల్లు.
గ్వెన్ చూసింది. నాతో చెప్పకుండా
టీ తాగి వచ్చి అప్పుడు చూపించింది.

రంగు వెయ్యని జత పళ్లెంలోంచి దాని తోబుట్టువుని
టిప్పుతో ఎత్తాం, పెంచాం, అక్షరాలు చదివించాం.
మారింది ఒక్కటే.
జేబులో ఒక అమైనో ఆమ్లం కాస్త లావైంది,
బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి
సీటు ఆపుకున్నట్టు.
మందు వచ్చి నిలబడుతుంది. చోటు లేదు.
కానీ ఈ పెంకు నలభై ఏడుకే విచ్చుకుంటోంది.
తువ్వాలుకి కూడా టిక్కెట్టుందన్నమాట.

గొట్టం మీద గ్వెన్ "వెలగ ఒకటి" అని రాసింది,
ఇంగ్లిష్ అక్షరాల్లో, రెండు తప్పులతో.
మైనస్ ఎనభై ఫ్రీజరు తలుపు తీస్తే
మంచు పొగ మోకాళ్ల దాకా దిగింది.
"రుచి ఎలా ఉంటుంది ఆ పండు?" అంది.
చవితికి పాలవెల్లి నుంచి వేలాడుతుంటే చూశాను.
ఎప్పుడూ పగలగొట్టలేదు.