తోడు

ఎగ్మోరులో మా లైబ్రరీ, రెండో అంతస్తు.
తెలుగు బీరువాలు తొమ్మిది, తాళంచెవులు ఎనిమిది.
తొమ్మిదోదాన్ని హెయిర్‌పిన్నుతో తెరుస్తాను.
గురువారం, శనివారం నా పని.
రోజుకి పాతిక పుస్తకాలు
కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఎక్కిస్తేనే పూర్తి కూలి.

ఇవాళ చేతికొచ్చింది అరచేయంత పుస్తకం:
మంత్రసాని పాఠములు.
చింతాద్రిపేటలో అచ్చు, 1911, వెల మూడణాలు.
గ్రంథకర్త పేరుండాల్సిన చోట
"ఒక స్త్రీ" అని ఉంది.
అంతే. ఒక స్త్రీ.

ఇలాంటి వాటికి మొదట్నించీ రాయక్కర్లేదు.
లోకంలో ఏ లైబ్రరీ అయినా ముందే రాసుంటే
ఆ చీటీ తెచ్చుకుని
మన బీరువా నంబరు తగిలిస్తే చాలు,
పక్కింటికి గిన్నె పట్టుకెళ్లి
చెంచాడు తోడు అడిగి తెచ్చుకున్నట్టు.

వెతికాను. చీటీ ఉంది.
ఏడు ఊళ్లలో ఉంది, అక్షరం తేడా లేకుండా.
విషయం: చేతబడి.
వర్గసంఖ్య 133.

మంత్రసానిలో మంత్రం కనబడి
ఎవరో, ఏనాడో, భోజనాల వేళ తొందరలో వేసిన అంకె.
ఒకరి గిన్నెలోంచి ఒకరు, వాళ్ల గిన్నెలోంచి ఇంకొకరు.
తోడు పులిసిపోతే
వీధి వీధంతా పులిసిన పెరుగే.

పక్క సీట్లోంచి పూంగొడి అడిగింది,
"మంత్రసాని అంటే?"
"కాన్పు చేసే ఆవిడ."
"ఓ, మరుత్తువచ్చి!" అంది.
వాళ్ల మాటలో మందుంది, మన మాటలో మంత్రం.
రెండిట్లోనూ ఒకావిడ
అర్ధరాత్రి ఎవరి గుమ్మంలోనో చెప్పులు విడుస్తోంది.

పదిహేడో పేజీ పైకి చదివాను:
"బిడ్డ అడ్డము తిరిగినచో భయపడకుము.
భయము చేతులలోనికి దిగును."
చేతబడివాళ్లు ఇలా రాస్తారా?
పూంగొడి తన కుర్చీ ఇటు జరుపుకుంది.

133 కొట్టేసి 618 వేశాను.
కారణం రాయమంది యంత్రం. రాశాను.
టార్టు అనే ఊరికి ఒక జాబు కూడా
(అసలు పుస్తకం ఉన్నది వాళ్ల దగ్గరే, ఎస్తోనియాలో,
మిగతా ఆరు ఊళ్లవీ దాని ఫిల్ము నకళ్లు):
మీ ప్రతిలో ఎవరైనా ఏమైనా రాశారా?

పదకొండు రోజులకి జవాబు.
రాసినావిడ పేరు తీయు.
మన క్రియ కాదు, అక్కడి ఆడవాళ్ల పేరే.
తెలుగు రాదు.
లోపలి అట్ట మీది సిరా గీతలకి ఫోటో తీసి
"ఇది రాతా, అలంకారమా?" అని అడిగింది.

రాతే, తల్లీ.

"నా చేతి కానుక. దాసరి చెంగల్వమ్మ.
ఈ ఏటికి కాన్పులు 412.
దక్కనివారు తొమ్మండుగురు.
వారి పేర్లు వెనుకటి అట్టపై."

ఎంతసేపో ఆ తొమ్మిది దగ్గరే ఆగిపోయాను.
పుస్తకం మంచులోకి ఎలా వెళ్లిందో తెలీదు.
ఏ డాక్టరు పెట్టెలోనో, ఏ దొరసాని సంచిలోనో.
మా ప్రతికి వెనక అట్టే లేదు.
వాళ్లది ఎప్పుడో మళ్లీ బైండు చేశారు,
అట్ట జిగురు కింద ఉంది.

గ్రంథకర్త గడిలో
చెంగల్వమ్మ, దాసరి అని కొట్టాను.
ఎంటర్ నొక్కేసరికి కరెంటు పోయింది.
ఇన్వర్టరు కీచుమంది, ఫ్యాను ఆగింది,
కిటికీలోంచి కూవం వాసన.
వెళ్లిందో లేదో.

శనివారం చూశాను.
రెండు ఊళ్లు మార్చుకున్నాయి.
ఒకచోట అంకె మారింది, పేరింకా ఒక స్త్రీ.
మిగతా నాలుగింట్లో ఇప్పటికీ చేతబడే.
పాలు వెచ్చగా లేకపోతే
తోడు ఎంత మంచిదైనా రాత్రంతా పడుతుంది.

ఆ వారం కూలిలో
పద్నాలుగు పుస్తకాల డబ్బు కోశారు.

తీయు మళ్లీ రాసింది:
ఆవిరి పట్టి జిగురు కరిగించే మనిషి
సెలవు నుంచి సోమవారం వస్తాడట.
పూంగొడి రోజూ అడుగుతోంది,
"పేర్లు వచ్చాయా?"